పెప్రె పలికితేనే... గుస్సాడి గజ్జె కదిలేది!

ఆడాలన్న సరదా ఉన్నవాళ్లకు ఎక్కడైనా ఒకటే చిక్కు. పాట దొరుకుతుంది, వాయించేవాళ్లు దొరకరు! కరీంనగర్‌లో ఏ పెళ్లి ఊరేగింపు చూసినా ముందు డీజే బండి. చెవులు చిల్లులు పడేంత మోత. కానీ ఎదురుగా ఆడుతున్న కుర్రాడు అలసిపోయాడా, ఇంకాస్త ఊపు కావాలంటున్నాడా... ఆ పెట్టెకు పట్టదు. మనిషి కాళ్లు చూసి దెబ్బ మార్చే వాద్యం కావాలంటే, దీపావళికి ముందు వారం గోదావరి దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాలి. అక్కడ గోండుల దండారి సాగుతుంటుంది.

ఈ వెతుకులాట మనవాళ్లకే కాదు. అమెరికాలో స్వింగ్ డ్యాన్స్ చేసేవాళ్లు జాజ్ ఉత్సవాలకు వెళ్లినప్పుడూ ఇదే గొడవ. చాలా వేదికల ముందు కుర్చీలే. కూర్చుని వినే సంగీతం చాలానే ఉంటుంది, కాలు నిలవనివ్వని బ్యాండు ఏ మూలనుందో వాళ్లే వెతుక్కోవాలి. న్యూ ఆర్లియన్స్ వీధుల్లో మాత్రం బాకాలు, డ్రమ్ములు ముందు నడుస్తుంటే జనం వెనకే ఆడుకుంటూ పోతారు. ఆ వెనక గుంపును 'సెకండ్ లైన్' అంటారు. ఆదిలాబాద్ అడవిలోని పద్ధతి దీనికి దగ్గర. ఇక్కడ మేళం ఒకచోట కూర్చోదు, ఊరూరూ తిరుగుతుంది!

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లాలో అడుగుపెట్టినట్టే. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ ప్రాంతం మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. అక్కడ దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. గోండీలో కాకో అంటే అమ్మమ్మ. దండారి రోజుల్లో గుస్సాడి బృందాలు ఈ అమ్మమ్మ దగ్గరికి వరస కడతాయి. ఒక బృందం మొక్కి పక్కకు జరిగేలోపు ఇంకో బృందం డప్పు వినిపిస్తుంది. కొత్తగా వెళ్లినవాళ్లకు మొదట అంతా కలగాపులగంగా ఉంటుంది. కాసేపు ఒకే మేళం పక్కన నిలబడాలి. అప్పుడుగానీ ఏ దెబ్బకు ఏ అడుగు పడుతోందో తెలియదు.

అసలు పండగ మొదలయ్యేదే వాద్యాలతో. దేవుడు ఏత్మాసార్ పేరిట ముందు వాటికి, నెమలి పింఛాల టోపీలకు పూజ జరుగుతుంది. ఆ తర్వాతే ఆట. పేర్లు కూడా వినసొంపుగా ఉంటాయి... గుమ్మెల, పర్ర, తుడుం, డప్పు, పెప్రె, కాలికోం. గుమ్మెల మట్టితో చేసింది, ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది. పెప్రె మన సన్నాయికి చుట్టం. కాలికోం బాకా లాంటిది. డప్పూ తుడుమూ నడక ఇస్తాయి. పెప్రె ఆ నడక మీద రాగం తీస్తుంది. పెప్రె గొంతు పెంచిందంటే ఆడేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిందే! డప్పు దెబ్బ చిక్కబడుతుంది, అడుగు పొట్టిదవుతుంది, గజ్జెల మోత ఒక్కటైపోతుంది. ఆడేవాళ్లలో ఎవరైనా తడబడితే మేళం ఒక చుట్టు అదే దెబ్బ మీద ఆగుతుంది, అందుకునేదాకా. డీజేకు చేతకానిది ఇదే.

దండారి అంటే మొత్తం బృందం. కోలలు పట్టి వలయంగా ఆడేవాళ్లు, ఆడవేషం కట్టిన కుర్రాళ్లు, వాయించేవాళ్లు... అందరూ కలిసి ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళతారు. ఎదురొచ్చి ఆహ్వానించడం, కాళ్లు కడగడం, రాత్రికి భోజనం, తెల్లవార్లూ ఆట అన్నీ ఆ ఊరివాళ్ల బాధ్యతే. తర్వాత వాళ్ల దండారి వీళ్ల ఊరికి వస్తుంది. పెళ్లి మాటలు కూడా ఈ రాకపోకల్లోనే కుదురుతుంటాయి. ఆట చూడ్డానికి వచ్చిన మేనమామ పిల్లను చూసుకుని వెళ్లడం ఇక్కడ వింతేమీ కాదు.

వలయంలో ఆట మంచి ఊపులో ఉండగా గుస్సాడీలు దూకుతారు. తలపై బుట్టంత నెమలి పింఛాల టోపీ, దానికి కొమ్ములు, పెట్టుడు గడ్డం, ఒంటినిండా బూడిద, భుజాన జంతుచర్మం, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర. పిల్లల్ని బెదిరిస్తారు, పెద్దల్ని నవ్విస్తారు, అంతలోనే దేవుడై దీవిస్తారు. వేషం కట్టినన్ని రోజులూ స్నానం చేయరు, నియమంగా ఉంటారు. అంత బరువుతో ఆడటం మాటలా! ఆ బరువును మోసేది సగం మేళమే అనిపిస్తుంది చూస్తుంటే.

ఈ ఆటను ఢిల్లీ దాకా తీసుకెళ్లినవారు మార్లవాయికి చెందిన కనకరాజు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లో గణతంత్ర వేడుకల్లో గుస్సాడి ఆడించారు. 2021లో పద్మశ్రీ వరించింది. 2024 అక్టోబరులో, సరిగ్గా దండారి రోజుల్లోనే కన్నుమూశారు. జైనూర్ మండలంలోని ఆ మార్లవాయే హైమన్‌డార్ఫ్ దంపతులు ఉన్న ఊరు. 1940లో కుమ్రం భీం మరణించాక గోండుల స్థితిగతులు చూడమని నిజాం సర్కారు పంపితే వచ్చి, ఇక్కడే పాక వేసుకున్నారు. ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లో పక్కపక్కనే ఉన్నాయి.

ఆడేవాళ్లకు కొదవ లేదు. బడి పిల్లలు కూడా టోపీ పెట్టి వేదికలెక్కుతున్నారు. అసలు దిగులు వాయించేవాళ్ల గురించే. పెప్రె, కాలికోం, మూడు తంత్రుల కిక్రి ఎక్కువగా ప్రధాన్ల చేతి విద్య. గోండుల వంశగాథలు పాడేదీ వాళ్లే. తండ్రి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి పట్టుకోవాల్సిన విద్య అది. గుస్సాడికి పేరొచ్చింది, ఫొటోలొచ్చాయి. పెప్రె ఊదే మనిషి మాత్రం ఆ ఫొటోలో అంచున, సగం తెగి కనిపిస్తాడు! పెళ్లిళ్లలో వాళ్ల పిలుపు డీజేకు పోయింది. ఏడాదికి వారం రోజుల దండారిని నమ్ముకుని కొడుకు పెప్రె నేర్చుకుంటాడా? సభల్లో కొన్నిచోట్ల రికార్డు పెట్టి గుస్సాడి ఆడిస్తున్నారు. నెమలి పింఛం అదే, గజ్జె అదే. అడుగు మాత్రం పాటను వెంబడిస్తూ పరుగెడుతుంది, పాట అడుగు కోసం ఆగదు. ఒక్కసారి గుడిరేవులో చూసినవాళ్లకు ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

వెళ్లాలనుకునేవాళ్లు పొద్దునే గుడిరేవు చేరి, వీలైతే ఆ సాయంత్రం బృందం వెంట ఊళ్లోకి వెళ్లాలి. అసలు ఆట రాత్రి ఊరి నడుమే. పటేల్‌ను అడిగి, ఆయన చూపించిన చోట కూర్చోవాలి. గుస్సాడి దైవంతో సమానం కాబట్టి సెల్ఫీ కోసం మీద చేతులు వేయకూడదు. చలి ఉంటుంది, దుప్పటి మరవొద్దు.

పండగ చివర్న 'కోలబొడి'. ఊరి బయట ఇప్పచెట్టు దగ్గర టోపీలు, గజ్జెలు విప్పేసి మొక్కుతారు. అవి మళ్లీ దండారికే బయటికొస్తాయి. పెప్రెకు మాత్రం అంత విరామం ఉండదు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశీయుల నాగోబా జాతర. గోదావరి జలం మోసుకుంటూ కాలినడకన వచ్చి వాళ్లు మర్రిచెట్ల కింద దిగుతారు. ఆ చెట్ల నీడన చెవి పెడితే చాలు, పెప్రె మళ్లీ వినిపిస్తుంది.