నానమ్మ అవుట్‌లయరా?

మా అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకి నా బీఏ తెలుగు పనికొచ్చిందంటే నమ్ముతారా? ఇరవై ఏళ్ళుగా ఆ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల అడుగునే ఉంది మరి.

ఒక తెలుగు పేరా ఇస్తే, అది చదవడానికి ఎంత కష్టమో కంప్యూటర్ చెప్పాలి. అదీ ప్రాజెక్టు. ఇంగ్లీషుకి ఇలాంటి లెక్కలు పాతవే. రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన 1948లోనే ఒక సూత్రం ఇచ్చాడు. వాక్యానికి ఎన్ని మాటలు, మాటకి ఎన్ని సిలబుల్స్ అని చూడటమే. పొడుగైతే కష్టం, పొట్టిదైతే తేలిక.

నాకు నవ్వొచ్చింది. "వెళ్ళలేకపోతున్నానంటే" తొమ్మిదక్షరాలు, ఐదేళ్ళ పిల్ల కూడా అనేస్తుంది. "శ్లేష" రెండే అక్షరాలు, డిగ్రీ చదివినవాళ్ళకీ విడమరిచి చెప్పాలి.

"అందుకేగా అమ్మా మెషీన్ లెర్నింగ్!" అంది. సూత్రం మనం చెప్పక్కర్లేదట. మనుషులు తేల్చి చెప్పిన పేరాలు బోలెడు చూపిస్తే పోలికలు అదే పట్టుకుంటుందట. 2021లో కామన్‌లిట్ సంస్థ కాగుల్‌లో పెట్టిన పోటీకి బడిపిల్లల ఇంగ్లీషు పేరాల్ని టీచర్ల చేత రెండేసి చొప్పున పోల్పించారు. ఇది నాకు నచ్చింది. పదికి మార్కులెయ్యమంటే ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది. పప్పులో ఉప్పెంతో కొలిచి చెప్పలేం గానీ, ఏ గిన్నెలో ఎక్కువైందో చెప్పగలం కదా!

సరే, నాకూ జతలిచ్చింది. ఒక జతలో మొదటిది గొర్రు, గుంటకలతో సేద్యం గురించి. రెండోది "లాగిన్ అయ్యి, ఓటీపీ ఎంటర్ చేసి, సబ్మిట్ చెయ్యండి" అనే నోటీసు. తన స్నేహితులందరూ నోటీసే తేలికన్నారు. మా అత్తయ్యగారికి చూపించాను. ఐదో తరగతే చదివారు గానీ పేపరు రోజూ వదలకుండా చదువుతారు. సేద్యం పేరా గుక్క తిప్పుకోకుండా చదివి, నోటీసు దగ్గర ఆగిపోయారు. "ఇది తెలుగేనా అమ్మాయ్?" అన్నారు.

ఆ జవాబు రాసుకోవే అంటే, "నానమ్మ అవుట్‌లయర్ అమ్మా, తీసేస్తాం" అంది మా పిల్ల. అవుట్‌లయరంటే గుంపులో కలవని లెక్క. నాకు ఒళ్ళు మండింది. రేపు ఆ మిషను నోటీసు చూసి "తేలిక" అని ముద్ర వేస్తే, దాన్ని సులువుగా తిరగరాసే వాళ్ళెవరు? పింఛను కాగితం పట్టుకుని మా చుట్టూ తిరిగేది ఆవిడే కదా. అందరూ హాస్టలు పిల్లలే అయితే అది నేర్చుకునేది వాళ్ళ తెలుగే.

రెండు రోజులు వాదించుకున్నాం. సబ్మిషన్‌కి టైం లేదంది. చివరికి అత్తయ్యగారితో పాటు మా అపార్ట్‌మెంట్‌లో మరో నలుగురు పెద్దవాళ్ళనీ ఒప్పించాను. చదివేవాళ్ళ వయసుకి, చదువుకి విడిగా ఒక కాలమ్ పెట్టింది మా పిల్ల.

ఇప్పుడు సీరియల్ అయ్యాక రోజూ పది జతలు. అత్తయ్యగారి కొత్త షరతు, అక్షరాలు పెద్దవిగా ప్రింటు తీసివ్వాలి. చిన్నవైతే అదీ కష్టమే అంటారు. ఆ కష్టానికి కాలమ్ ఎక్కడ పెట్టాలా అని మా పిల్ల తల పట్టుకుంది.