నిండు బ్యాటరీతో కనుమ దిగితే

కరెంటు కారు మూడు సెకన్లలో వంద వేగం అందుకుంటుందంటే మా మార్కాపురంలో నోళ్లు తెరుస్తారు. నా పని ఆ కారును ఆపడం. బెంగళూరులో స్పీడు కార్లకు బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాస్తాను.

రెండు టన్నుల బండిని వందకు తేవడానికి పట్టేది యూనిట్లో ఐదో వంతే. ఇంట్లో ఫ్యాను మూడు గంటలు తిరిగినంత. ఆపేటప్పుడు మోటారే జనరేటరై అందులో చాలా భాగం బ్యాటరీకి తిరిగి పోస్తుంది. దీన్ని రీజెన్ అంటాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఈ కార్లు 600 కిలోవాట్ల దాకా ఇలా వెనక్కి లాక్కోగలవు.

ఓసారి పరీక్ష కారులో నాయన్ని శ్రీశైలం తీసుకెళ్లాను. రాత్రంతా సత్రం ప్లగ్గుకు పెడితే తెల్లారేసరికి బ్యాటరీ నిండింది. సంబరపడ్డాను. దోర్నాల వైపు పల్లం మొదలయ్యాక యాక్సిలరేటర్ వదిలితే కారు ఆగదే! నిండు కుండలో నీళ్లెక్కడ పోస్తాం? వంద మీటర్లు దిగితే అర యూనిట్ పుడుతుంది, బ్యాటరీ పుచ్చుకోనంటోంది. నా సాఫ్ట్‌వేరేమో రీజెన్‌ను చెప్పాపెట్టకుండా కట్ చేసింది. మలుపులో బ్రేకు గట్టిగా తొక్కాను.

నాయన నలభై ఏళ్లు పలకల రాయి చీల్చినవాడు. ఉలితో తట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు.

"నిన్న పల్లంలో గుయ్యిమని మూలిగిందిరా. ఇయ్యాల ఆ చప్పుడే లేదే?" అన్నాడు.

తెరమీద హెచ్చరిక ఆ తర్వాత వచ్చింది.

తప్పు నాదే. ల్యాబులో ఎప్పుడూ అరవై, డెబ్బై శాతం ఛార్జితోనే పరీక్షించేవాణ్ణి. ఆ వారమే తిరగరాయడానికి కూర్చున్నాను. బ్యాటరీ నిండుతున్నకొద్దీ రీజెన్ మెల్లగా తగ్గాలి, తగ్గినంత మేర మామూలు బ్రేకులు వాటంతటవే పట్టుకోవాలి, డ్రైవరు కాలికి తేడా తెలియకూడదు. వినడానికి తేలిక. ఆ "తేడా తెలియకూడదు" దగ్గరే నాలుగు నెలలు పోయాయి.

నాయన మాత్రం ఇప్పటికీ నా కారెక్కితే కుడికాలు నేలకు తొక్కిపెట్టే కూర్చుంటాడు.