రైలు వెళ్లని ఊరికి ఆరు టికెట్లు

ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు, "పిల్లల్ని తీసుకొని అండమాన్ వెళ్తున్నారట కదా, ఎట్లా ప్లాన్ చేశారు?" అని. నోటితో చెబితే సగం మరిచిపోతాం. అందుకే తీరిగ్గా రాస్తున్నాం. కాస్త పొడుగే. కాఫీ పక్కన పెట్టుకొని చదవండి.

మేము అంటే మొత్తం ఆరుగురం. ముసలివాళ్లం ఇద్దరం, మా అమ్మాయి, అల్లుడుగారు, పదకొండు చదివే మనవడు, ఎనిమిది చదివే మనవరాలు. మా ఊరు జోలార్‌పేట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అంబులిమామ, చందమామ పక్కపక్కన పెట్టుకొని ఆ బొమ్మకు ఈ బొమ్మ సరిచూసుకుంటూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాం. ఆ తర్వాత రైల్వేలో గుమాస్తా ఉద్యోగం, రిటైర్‌మెంటు. మనవరాలు పుట్టినప్పుడు మాలో ఒకరు ముందుగా బ్రూక్‌ఫీల్డ్ వచ్చేశారు, రిటైర్ అయ్యాక రెండోవారూ వచ్చి చేరారు. పిల్లల్ని బస్సు ఎక్కించడం, దించుకోవడం, టిఫిన్ డబ్బా, హోంవర్కు, ఇదే మా డ్యూటీ. మన సంఘంలో చాలామంది పెద్దవాళ్లు ఇట్లా వచ్చినవాళ్లే, మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనవడు మాకంటే జానెడు పొడుగు. కుందలహళ్లిలో మెట్రో ఎక్కి కోచింగ్‌కు తనే వెళ్లి తనే వస్తాడు. వచ్చే ఏడాది పన్నెండు, ఆ పైన ఏ ఊళ్లో హాస్టలో. "నలుగురూ ఒకచోట ఉండే సెలవులు ఇవే ఆఖరు నాన్నా" అని అమ్మాయి అన్నప్పుడు ఈ ప్రయాణం మాట పుట్టింది. పిల్లలు వెంటనే "దీవి" అన్నారు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడడం ఆ ఇంట్లో ఏడాదికి ఒకసారి జరిగితే గొప్ప.

మేము చూసిన ఊళ్లన్నీ పాసు మీద చూసినవే. కాశీ, పూరీ, తిరుపతి, రామేశ్వరం. రైలు ఎక్కడిదాకా పోతే మా దేశం అక్కడిదాకా. అందుకని మేము వెంటనే, "రామేశ్వరం కూడా దీవే కదా" అన్నాం. "బ్రిడ్జి ఉంటే అది దీవి ఎట్లా అవుతుంది తాతా?" అన్నాడు మనవడు. అప్పుడు పాంబన్ కథ చెప్పాం. 1914లో సముద్రం మీద రెండు కిలోమీటర్ల పొడుగున కట్టిన వంతెన. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోడి ఊరే పోయింది, దానితోపాటు ప్రయాణికులతో వెళ్తున్న రైలు ఒకటి మొత్తంగా పోయింది. దెబ్బతిన్న వంతెనను శ్రీధరన్ గారి బృందం నెలన్నరలో నిలబెట్టింది. 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన వచ్చింది, ఓడ వస్తే మధ్య భాగం నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పిల్లలు నోరు తెరుచుకొని విన్నారు. విని, "సరే తాతా, అది ఇంకోసారి" అన్నారు. వాళ్లకు కావలసింది నీళ్ల లోపలికి దిగి చేపల్ని చూడడం. దానికి పాసు పనికిరాదు. అయినా పాసులో అల్లుడి పేరు, మనవడి పేరు రాయరు.

ఏ దీవి అన్నది రెండు వారాలు నడిచింది. మాల్దీవులు అంటే మా ఇద్దరికీ పాస్‌పోర్టు లేదు. లక్షద్వీప్ అందంగా ఉంటుంది కానీ ముందుగా పర్మిట్ తీసుకోవాలి, మనుషులుండే దీవులు పదే, పిల్లల సెలవుల తేదీలకు గదులు దొరకలేదు. అండమాన్‌లో పర్యాటకులు మామూలుగా తిరిగే దీవులకు మనకు పాస్‌పోర్టూ అక్కర్లేదు, పర్మిట్టూ అక్కర్లేదు, ఆధార్ చాలు. పైగా మాకొక సౌకర్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 13 శాతం, తమిళులు 15 శాతం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో భాష, బడి భాష రెండూ చెల్లే ఊరు సముద్రం మధ్యలో ఉందని అరవై ఏడేళ్లకు తెలిసింది.

ఓడలో వెళ్దామని మేము పట్టుబట్టాం. చెన్నై, విశాఖ, కోల్‌కతా నుంచి ఓడలున్నాయి. కానీ ఒకవైపుకే మూడు రోజులు అటూ ఇటూ పడుతుంది. రానూపోనూ ఆరు రోజులు నీళ్లమీదే అయిపోతే దీవి ఎప్పుడు చూడడం? బెంగళూరు నుంచి విమానం రెండున్నర గంటలే. ఆ లెక్క ముందు మేము నోరు మూసుకున్నాం.

ఇక పేర్లు. వెళ్లేవాళ్లు ఇది రాసి పెట్టుకోండి. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీప్. ఒక వెబ్‌సైట్‌లో పాత పేరు, ఇంకోదాంట్లో కొత్త పేరు ఉంటుంది. మనవరాలు రెండూ పక్కపక్కన రాసి చీటీ ఫ్రిజ్‌కు అంటించింది.

ప్లాను ఇది. డిసెంబరు ఆఖరి వారం, ఆరు రాత్రులు. శ్రీ విజయపురంలో రెండు, స్వరాజ్ ద్వీప్‌లో రెండు, షహీద్ ద్వీప్‌లో ఒకటి, మళ్లీ శ్రీ విజయపురంలో ఒకటి. ఆ చివరి రాత్రి ఎందుకు వృథా అని అల్లుడుగారు అడిగారు. ఇక్కడ మాత్రం రైల్వే బుద్ధి గట్టిగా పనిచేసింది. జంక్షన్‌లో కూర్చున్నవాళ్లకు తెలుసు, కనెక్షన్ రైలుకు గంట వ్యవధి పెట్టుకొని వచ్చినవాళ్ల ముఖాలు ఎట్లా ఉంటాయో. దీవికీ దీవికీ మధ్య తిరిగేవి పడవలు. గాలి లేచిందా, నడపరు. అందుకని పడవ దిగిన రోజే విమానం ఎక్కే ఏర్పాటు ఎప్పుడూ పెట్టుకోకూడదు. నైరుతి వానల కాలం మే నుంచి సెప్టెంబరు దాకా అయితే ఈ చిక్కు ఇంకా ఎక్కువ. నీళ్లలోకి డైవింగ్‌కు దిగినవాళ్లు కూడా విమానం ఎక్కేముందు ఒకరోజు ఆగాలి. ఈ సంగతి మనవడే కనిపెట్టాడు. మా పాత అనుభవం, వాడి కొత్త చదువు ఒకే రాత్రికి ఓటు వేశాయి.

ఇంకో రాజీ సూర్యుడితో. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం అయిదు దాటితే చీకటి. సెలవు రోజున పదింటికి లేచే పిల్లలకు అక్కడ సగం రోజు గల్లంతు. అయిదున్నరకు లేస్తామని ఇద్దరూ సంతకం పెట్టి ఇచ్చారు. కాగితం మా బీరువాలో భద్రంగా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. టికెట్లు కొనేముందు మేమిద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. మోకాళ్ల నొప్పులు, పడవలో ఎక్కడం దిగడం, ఆరుగురికి విమానం ఖర్చే లక్ష దాటుతోంది. వాళ్లు నలుగురూ హాయిగా వెళ్లిరానీ, మేము ఇల్లు చూసుకుంటాం అనుకున్నాం. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పైకి మోకాళ్లు అన్నాం కానీ లోపల ఉన్నది వేరు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్లను చూసుకోవడానికి వచ్చినవాళ్లం, ఇప్పుడు వాళ్ల వెంట బరువుగా తయారవుతామా అన్నది. మన సంఘంలో ఈ ఆలోచన రాని పెద్దవాళ్లు ఉంటే చెయ్యెత్తండి.

చెప్పినప్పుడు అమ్మాయి ఏమీ అనలేదు. మనవరాలు లేచి వెళ్లి కంప్యూటర్ తెచ్చి మా ముందు పెట్టింది. అందులో ప్రయాణం మొత్తం గడులు గీసి పెట్టి ఉంది, తేదీ, పడవ, గది, ఖర్చు. చివరన ఒక నిలువు వరస, "అవ్వ మెట్లు" అని. ఏ హోటల్లో గది కింద ఉంది, ఏ బీచికి కారు దగ్గరిదాకా పోతుంది, జైలు చూసేటప్పుడు ఏ మేడ ఎక్కకుండా వదిలేయవచ్చు, అన్నీ ఫోన్లు చేసి కనుక్కొని నింపింది. మేము "రాము" అనకముందే, పదిహేను రోజుల నుంచి. ఇంక మేము చెప్పవలసింది ఏముంది? ఫారం నింపడంలో ముప్పై ఆరేళ్లు గడిపాం, ఇంత మంచి గడి ఎప్పుడూ చూడలేదు.

డబ్బు విషయం కూడా చెబుతాం, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇక్కడే మనసులు నొచ్చుకుంటాయి. అల్లుడుగారు మా టికెట్లు తామే పెడతామన్నారు. మేము ఒప్పుకోలేదు. చివరికి విమానం వాళ్లది, పడవలన్నీ మావి అని తేల్చుకున్నాం. పెన్షన్‌లోంచి పడవ టికెట్లు కొనడం మాకు బాగుంది. వాళ్ల మర్యాద, మా మర్యాద రెండూ నిలబడ్డాయి.

ఒక చోటికి వెళ్లకూడదని కూడా నిర్ణయించాం. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు రోడ్డున పోవాలంటే జారవా తెగవారి అడవి మధ్యనుంచి కాన్వాయ్‌లో పోవాలి. బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, అది చట్టం. ఆ రోడ్డును అక్కడ మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మనవడు చదివి వినిపించి, "వాళ్ల ఇంటి మధ్యలోంచి మనం టూరు పోవడం నాకు ఇష్టం లేదు" అన్నాడు. వాడు మాతో అంత పొడుగు వాక్యం మాట్లాడి చాలా రోజులైంది. గుహలు కొట్టేశాం.

సెల్యులార్ జైలుకు మాత్రం ఒక పూట పూర్తిగా ఇచ్చాం. తెలుగులో ద్వీపాంతరం అంటే శిక్ష. తమిళంలోనూ తీవాంతరం అంటే అదే. మా తాతల నోట దీవి అంటే తిరిగిరాని చోటు. 1906కు కట్టడం పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి గారిని ఆ దీవులకే పంపారు. పాలరాతి పలకల మీద ఖైదీల పేర్లు చెక్కారట. మనవాళ్ల పేర్లు వెతికి చదివే పని మనవరాలిది. తెలుగు చదవడం మా దగ్గర నేర్చుకుంది, అక్కడ ఇంగ్లీషులో ఉన్నా ఫరవాలేదు, పలకడం తెలుగులో పలకాలని చెప్పాం.

చివరగా భయం. మేము వెళ్లే వారంలోనే డిసెంబరు 26 వస్తుంది. 2004లో సునామీ వచ్చిన రోజు. ఇంట్లో పెద్దావిడకు ఇది మనసులో ఉంది. "అవ్వా, ఇప్పుడు సునామీ హెచ్చరిక ఇచ్చే కేంద్రం హైదరాబాదులోనే ఉంది, 2007 నుంచి" అని మనవరాలు చెప్పింది. హైదరాబాదు పేరు వినగానే సగం ధైర్యం వచ్చింది. మిగతా సగానికి నియమాలు రాసుకున్నాం. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాలు పెట్టకూడదు. జీవరక్షకులు వద్దన్నచోట దిగకూడదు. పగడాలు, గవ్వలు ఏరి తేకూడదు, అది నేరం కూడా. పడవ వికారానికి మాత్ర డాక్టరును అడిగి ముందే తీసుకోవాలి. మందుల చీటీలు రెండు కాపీలు.

టికెట్లు, గదులు, పడవలు అన్నీ అయ్యాయి. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క సాయం చేయండి. షహీద్ ద్వీప్ జెట్టీలో నీళ్లు తగ్గినప్పుడు పడవ దిగి పైకి రావడానికి ఎన్ని మెట్లు ఎక్కాలి? పట్టుకోవడానికి కడ్డీ ఉందా? మనవరాలు రెండుసార్లు ఫోను చేసింది, రెండు రకాలుగా చెప్పారు. ఆ గడి ఒక్కటే ఇంకా ఖాళీగా ఉంది.