బీచ్ నీడా, ఓక్ నీడా?

లండన్ మహానగరానికి ఈశాన్య దిశలో ఎప్పింగ్ అనే అడవి ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు 2,400 హెక్టార్లు. భూస్వాములు కంచెలు వేసి అడవిని ముక్కలు ముక్కలుగా కలుపుకుంటున్న కాలంలో, 1878లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దానిని కాపాడింది. సంరక్షణ బాధ్యతను లండన్ నగర కార్పొరేషన్‌కు అప్పగించింది. నాలుగేళ్ళ తరువాత విక్టోరియా రాణి స్వయంగా వచ్చి ఆ అడవిని ప్రజలకు అంకితం చేసింది. నాటి నుండి నేటి వరకు సామాన్యులు రుసుమేమీ చెల్లించకుండానే అందులో తిరుగుతున్నారు.

విహారం కోసమే మేము ఆ అడవికి వెళ్ళలేదు. మా వద్ద చదువుకున్న శిష్యుడొకరు లండన్ శివార్లలోని ఒక చిన్న మద్రసాలో సాయంకాలం పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతున్నారు. గత వేసవిలో వారి ఆహ్వానంపై కొన్ని వారాలు అక్కడ ఉన్నాము. మద్రసా వెనుక ముప్పై మీటర్ల పొడవైన ఖాళీ ఆవరణ ఉన్నది. ఒక కొసన మద్రసా భవనం, మరో కొసన పొరుగున ఒంటరిగా నివసించే ఒక ఇంగ్లీషు వృద్ధురాలి ఇల్లు. ఈ మధ్య అక్కడి వేసవులు కూడా తీవ్రమవుతున్నందున పిల్లల కోసం నీడనిచ్చే చెట్టు ఒకటి నాటాలని కమిటీ తీర్మానించింది. ఏ చెట్టు అన్న దగ్గర పెద్దలు రెండు వర్గాలయ్యారు.

కడప నుండి వెళ్ళి నలభై ఏళ్ళుగా అక్కడ స్థిరపడిన హాజీ సాహెబ్ ఒకరు, మరణించిన తమ తండ్రిగారి పేరిట ఓక్ మొక్కను నాటిస్తామన్నారు. శతాబ్దాలు బ్రతికే చెట్టు గనుక పుణ్యం కూడా అంతకాలం కొనసాగుతుందని వారి ఆశ. మిగిలినవారు బీచ్ కావాలన్నారు. దాని నీడ చిక్కనిదని వారి వాదన. మాట పెరిగి, ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒకరితో ఒకరు సలాముకు మించి మాట్లాడుకోని స్థితి వచ్చింది.

"హజ్రత్, మీరే ఒక మాట చెప్పండి, అందరూ ఒప్పుకుంటారు" అన్నారు మా శిష్యుడు.

"చెట్ల విషయం ముందు చెట్ల దగ్గరే చూద్దాం బేటా, తీర్పు తరువాత" అన్నాము.

సెంట్రల్ లైన్ రైలులో లౌటన్ స్టేషనులో దిగి, నడచి అడవిలో ప్రవేశించాము. గట్టు నేలలపై మొదట కనిపించినవి బీచ్ వృక్షాలు. వాటి బెరడు నున్నగా, బూడిద రంగులో, ఏనుగు కాలివలె ఉంటుంది. చాలా చెట్లు మనిషి ఎత్తుకు కొంచెం పైన ఒక్కసారిగా అనేక కొమ్మలుగా చీలి ఉన్నవి. పూర్వం ఊరి పేదలు వంటచెరకు కోసం పశువులకు అందనంత ఎత్తులో కొమ్మలు నరికి, మళ్ళీ చిగురించనిచ్చేవారు. చట్టం వచ్చాక ఆ నరకడం ఆగిపోయింది. ఆ కొమ్మలే నేడు మహావృక్షాల వలె పెరిగినవి. వాటి క్రింద నిలబడితే మధ్యాహ్నం కూడా అసర్ దాటినట్లు తోచింది. నేలపై గడ్డి పరక లేదు, ఎండుటాకుల పరుపు మాత్రమే. చిక్కని నీడ అన్న మాట అక్షరాలా నిజం.

అయితే బీచ్‌కు బలహీనత కూడా ఉన్నది. దాని వేళ్ళు లోతుకు పోక పైపైనే పరచుకుంటాయి. అందుచేత దీర్ఘమైన కరువుకు అది త్వరగా వాడిపోతుంది. 1976 నాటి కరువులో దక్షిణ ఇంగ్లాండులో ఎన్నో బీచ్ చెట్లు దెబ్బతిన్నవి. 1987 అక్టోబరు తుఫానులో కూడా ఎన్నో కూకటివేళ్ళతో ఒరిగినవి. శీతాకాలమంతా నీరు నిలిచే జిగురుమట్టి దానికి సరిపడదు. మద్రసా ఆవరణలో ఉన్నది సరిగ్గా ఆ మట్టే.

ఓక్ స్వభావం వేరు. బెరడు గరుకుగా, లోతైన చీలికలతో ఉంటుంది. ఆకుల మధ్య నుండి వెలుతురు జారుతుంది గనుక క్రింద గడ్డి, పొదలు పెరుగుతాయి. పక్షులు, పురుగులు, శిలీంధ్రాలు కలిపి సుమారు 2,300 జాతులకు బ్రిటన్‌లో ఓక్‌తో సంబంధమున్నదని పరిశోధకులు లెక్కించారు. జిగురుమట్టిలోనూ అది నిలదొక్కుకుంటుంది. ఇంతవరకు హాజీ సాహెబ్ మాటే గెలిచింది.

కాని నేలలోని నీటిని అధికంగా పీల్చే చెట్లలో ఓక్ ముందున్నది. మన నల్లరేగడి సంగతి తెలిసినవారికి దీని ఫలితం విడమరచి చెప్పనక్కరలేదు. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి, గోడలను చీల్చినట్లే లండన్ జిగురుమట్టి కూడా ఎండితే కుంచించుకుపోతుంది. పునాది క్రుంగుతుంది, గోడ పగులుతుంది. ఇటువంటి నేలలో క్రొత్త ఇళ్ళ పునాదుల కోసం అక్కడ పాటించే నిర్మాణ ప్రమాణాల ప్రకారం, 20 మీటర్లు పెరిగే ఓక్ ప్రభావం 25 మీటర్ల దూరం వరకు ఉంటుంది. అదే ఎత్తుకు పెరిగే బీచ్‌కు 15 మీటర్లు. ముప్పై మీటర్ల ఆవరణలో ఓక్‌ను ఎక్కడ నాటినా మద్రసా గోడకో, ఆ వృద్ధురాలి గోడకో ముప్పు తప్పదు. ఇదిగాక, 2006లో లండన్‌లో కనుగొన్న ఒక చిమ్మట జాతి గొంగళిపురుగులు ఓక్ ఆకులు తిని బ్రతుకుతాయి. వాటి రోమాలు తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది, కొందరికి ఊపిరాడదు. పిల్లలు కూర్చునే చోట ఇది చిన్న విషయం కాదు.

ఎండ వాలుతుండగా గట్టు దిగి పల్లపు నేలకు వచ్చాము. అక్కడ మట్టి బరువైనది. బీచ్‌లు పలచబడి మరో చెట్టు ఎక్కువైంది. ఆకు బీచ్ ఆకును పోలి ఉన్నా, అంచుకు రంపపు పళ్ళు, ఒంటిపై స్పష్టమైన ఈనెలు ఉన్నవి. దాని పేరు హార్న్‌బీమ్. పూర్వం మరల పళ్ళచక్రాలు చేయడానికి వాడినంత గట్టి కలప దానిది. జిగురుమట్టిని భరిస్తుంది, ఎంత కత్తిరించినా చిగురిస్తుంది. నీటి అవసరం మధ్యస్థం. 17 మీటర్లు పెరిగినా దాని ప్రభావం 13 మీటర్లు దాటదు. ఆవరణ నడుమ నాటితే రెండు గోడలూ క్షేమం.

మరునాడు ఇషా తరువాత కమిటీ పెద్దలతో కూర్చున్నాము. చెట్టు నాటితే దాని నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నదంతా నాటినవానికి దానమవుతుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. పొరుగువారిని బాధించరాదని హెచ్చరించినదీ వారే. లాభం చేకూర్చడం కన్నా కీడు తొలగించడం ముందని ఫిఖహ్ పండితులు సూత్రీకరించారు. పొరుగింటి గోడ బీటలువారితే, ఆ చెట్టు మన పుణ్యానికే గాక ఆమె ఫిర్యాదుకు కూడా సాక్షిగా నిలుస్తుంది. ఆమె మన ధర్మానికి చెందినవారు కాకపోవడం ఆమె హక్కును తగ్గించదు.

హాజీ సాహెబ్ చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత "మరి మా నాన్న చెట్టు?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం మా వద్ద గాక కమిటీలోని ఒక యువకుని వద్ద దొరికింది. తాము ఉపయోగించే ఖబ్రస్తాన్‌కు ఆనుకొని విశాలమైన బీడు ఉన్నదని, సమాధులకు, ఇళ్ళకు దూరంగా ఒక మూల అక్కడి నిర్వాహకులను అడిగి చూస్తామని అన్నారు. హాజీ సాహెబ్ తల ఊపారు. బీచ్ కోరిన పెద్ద ఒకరు లేచి వచ్చి వారి ప్రక్కన కూర్చున్నారు.

ఆవరణలో హార్న్‌బీమ్ నాటాలని నిర్ణయమైంది. ఆ దేశంలో ఆకు రాలిన తరువాత, నవంబరు నుండి మార్చి లోపల, మట్టిముద్ద లేని వేళ్ళతోనే మొక్కను నాటుతారు. మొదటి రెండు వేసవులు నీరు పోయడం తప్పనిసరి. ఆ బాధ్యతను పెద్ద తరగతి పిల్లలు వంతులవారీగా తీసుకున్నారు.

మన ఊళ్ళలో బీచ్ లేదు, ఓక్ లేదు. వేప, కానుగ, మర్రి ఉన్నాయి. మస్జిదు ముంగిట నాటబోయేవారు ముందుగా నేలను త్రవ్వి చూడాలి, ప్రక్కింటి గోడ ఎంత దూరమో కొలవాలి, ఆ ఇంటి తలుపు తట్టి ఒక మాట అడగాలి. మొక్కను ఎన్నుకోవడం ఆ తరువాతి పని.