శివారుకి అందని రోష్నీ

షాదీల సీజన్ వచ్చిందంటే రాజమండ్రిలో మా మొహల్లా కుర్రాళ్ల నుంచి నాకు ఒకటే షికాయత్: "భాయ్, స్ట్రిప్పు మొదట్లో తెల్లగా వెలుగుతోంది, చివర పచ్చబడిపోతోంది. మాల్ ఖరాబా?" మాల్ బాగానే ఉంటుంది. తప్పు వైరుది.

గోదావరి జిల్లాలవాళ్లకి ఇది అర్థం కాకపోవడమేంటి! కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పటికీ ధవళేశ్వరం దగ్గర కాలువ నిండుగా ఉన్నా, శివారు ఆయకట్టు రైతు నీళ్ల కోసం ఎదురుచూసే రోజులుంటాయి. స్ట్రిప్పులోని రాగి రేకు పిల్ల బోదె లాంటిది. దారిపొడవునా వోల్టేజీ పడిపోతుంది. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకి సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి 2 చాలు. అందుకని ముందు నీలం పస్తు పడుకుంటుంది, తెలుపు కాస్తా పల్చటి చాయ్ రంగుకి దిగుతుంది.

మా భాంజీ నికాహ్‌కి లైటింగ్ ఇంతిజాం దాని తమ్ముడు మీద వేసుకున్నాడు. స్ట్రిప్పులకి దిల్ ఖోల్ కే ఖర్చు పెట్టి, వైరు మటుకు పాత స్పీకరుది పట్టుకొచ్చాడు. "12 వోల్టులేగా మామూ, షాక్ కూడా కొట్టదు!"

కొట్టదు, సహీ. కానీ వైరుకి బరువు ఆంపియర్లే. చుట్ట 5 మీటర్లు, మీటరుకి 14.4 వాట్లు, మొత్తం 72. 12తో భాగిస్తే 6 ఆంపియర్లు. అదే 72 వాట్లు 230 వోల్టుల మీదైతే ఆంపియరులో మూడో వంతు కూడా ఉండదు. వోల్టేజీ తగ్గేకొద్దీ వైరు లావెక్కాలి. మనవాళ్ల దిమాగ్‌లో ఇదెప్పుడూ ఉల్టాగానే ఉంటుంది.

వాణ్ణి కూర్చోబెట్టి హిసాబ్ చేయించాను. సప్లై వరండాలో, స్ట్రిప్పు డాబా మీద షామియానా అంచున. మధ్య 10 మీటర్లు. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 20. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకి సుమారు 0.0195 ఓములు. 20 మీటర్లకి 0.39. ఆరుతో గుణిస్తే దాదాపు 2.3 వోల్టులు దారిలోనే గాయబ్! రెండున్నర స్క్వేర్ వేస్తే పోయేది ఒక వోల్టు లోపే. స్ట్రిప్పుకి రెండు కొసల్నుంచీ కరెంటిస్తే ఇంకా నయం. 24 వోల్టుల స్ట్రిప్పు కొనుంటే ఆంపియర్లు సగమే అయ్యేవి, కానీ అప్పటికే కొనేశాడు.

దుల్హన్ స్టేజీకి రంగులు పరిగెత్తే రకం తెచ్చాడు, డబ్ల్యూఎస్2812బీ. 5 వోల్టులు. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. 300 ఉంటే 18 ఆంపియర్లు! దానికి సప్లైని స్టేజీ వెనకే పెట్టించాను. డేటా వైరు సంగతి వేరు. అది కబురు మోసేదే, బరువు మోసేది కాదు, సన్నగా ఉన్నా ఫర్వాలేదు. ఒక్కో బిట్టు 1.25 మైక్రోసెకన్లు. అంత జల్దీ కబురు కాబట్టి కంట్రోలర్ నుంచి మొదటి ఎల్‌ఈడీ దాకా దూరం తక్కువుండాలి. అక్కణ్ణుంచి ప్రతి ఎల్‌ఈడీ సిగ్నల్‌ని తాజా చేసి పక్కదానికి అందిస్తుంది. కంట్రోలర్ గ్రౌండు, సప్లై గ్రౌండు కలిసి ఉండాలి. డేటా వైరుకి గ్రౌండు వైరుని మెలేసి తీసుకెళితే మంచిది. ఈ గ్రౌండు కలపకుండా రంగులు పిచ్చిగా ఎగిరాయని చైనా మాల్‌ని తిట్టేవాళ్లు బహుత్!

నా అసలు ఫికర్ రంగు గురించి కాదు. 30 ఆంపియర్ల సప్లైకి సన్న వైరు తగిలించారనుకోండి. చివర ఎక్కడో ప్లస్సూ మైనస్సూ తగులుకున్నా సప్లై ఆగకపోవచ్చు, వైరు మాత్రం కాలుతుంది. దాని పైన షామియానా గుడ్డ, కింద జనానా, చంటిపిల్లలు. సప్లై దగ్గరే ఫ్యూజు వేయాలి, అది వైరు మోయగలిగే దానికంటే చిన్నదై ఉండాలి.

కొట్లో చవగ్గా ఇచ్చే చుట్టని పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూసిన అల్యూమినియం. పై హిసాబ్ దానికి చెల్లదు, ఇంకో సైజు లావు తీసుకోవాల్సిందే. నేనైతే తీసుకోను.