ఆటపెట్టెల తగవు

గడచిన వేసవి సెలవులలో మా అక్కగారి కుమారుడు హైదరాబాదు నుండి మా యింటికి వచ్చి, పది దినములుండవలసినవాడు నాలుగవ దినముననే తిరుగుబండి యెక్కెను. జబ్బు చేసెనా, తల్లిమీద బెంగ పెట్టుకొనెనా యని ఇరుగుపొరుగువారడిగిరి. అదియు గాదు, ఇదియు గాదు. వీడియో ఆటలాడు పెట్టెలలో ఏది మేలైనదను చర్చలో మా చిరంజీవి వానినొక మాట యనెను. ఆ మాట పిల్లలతో నిలువక పెద్దలదాక ప్రాకి, అక్కగారు మూడు వారములు మాతో మాటలాడలేదు. సోదరీమణులలో ననేకుల యిండ్లలో నిట్టి చర్చ జరుగుచునే యుండును గావున, మాకు దెలిసివచ్చిన సంగతులను దాపరికము లేక వ్రాయుచున్నాము.

మావానికి పదమూడేండ్లు. వాని అన్నకు పదునాలుగు. అప్పటికి మా యింట ఏ పెట్టెయు లేదు. కాని వెనుక వీధిలో మావాని స్నేహితునికి ప్లేస్టేషను 5 కలదు గనుక, దాని గౌరవమును గాపాడు భారము తనదేయని మావాని నమ్మకము. అక్కగారి యింట నున్నది ఎక్సుబాక్సులలో చిన్నదైన సిరీస్ ఎస్. సాయంకాలము అరుగుమీద చర్చ మర్యాదగనే మొదలయ్యెను. ఒక్క సెకనులో లక్షకోట్ల లెక్కలు కట్టు శక్తిని టెరాఫ్లాపందురట. ఎక్సుబాక్సు సిరీస్ ఎక్సుకు అట్టివి పండ్రెండనియు, ప్లేస్టేషనుకు పదింబావు మాత్రమేననియు పెద్దవాడనెను. అందుకు మావాడు, "ఆ పన్నెండు పెద్ద పెట్టెకు అన్నయ్యా. మీ యింట్లో ఉన్నదానికి నాలుగే. డిస్కు పెట్టే చోటు కూడా లేదు. పెదనాన్న చౌకది చూసి కొన్నాడు" అనెను.

పెద్దవాడు మరి మాటాడలేదు. రాత్రి భోజనమునకు కూర్చుండి, రెండు ముద్దలు తిని చేయి కడుగుకొనెను. మాకు దెలిసి మావానికి దెలియని దొకటి కలదు. బావగారికి ఉద్యోగము పోయి అప్పటికి నాలుగు నెలలు. పుట్టినదినమునకు కొనిపెట్టెదనని బిడ్డకు ముందే మాట యిచ్చియుండిరి గనుక, పెద్దది కొనలేక చిన్నది కొని మాట నిలుపుకొనిరి. ఆ సంగతి పిల్లవాడెఱుగును.

మా తండ్రిగారు బాల్యమున మాకు చదువు చెప్పునపుడు చర్చ మూడు విధములని చెప్పెడివారు. నిజము తెలిసికొన గోరి చేయునది వాదము. గెలుపు కోరి చేయునది జల్పము. తన పక్షమనునది నిలుపక ఎదుటి పక్షమును మాత్రము ఖండించునది వితండము. తనకు పెట్టెయే లేక ఎదుటివాని పెట్టెను దిట్టిన మావాని పని అచ్చముగ మూడవది.

మావారు బడిలో నిత్యము పిల్లల తగవులు తీర్చువారు గనుక వానిని పిలిచి గద్దించి విడిచిరి. మాకది చాలలేదు. వాడన్నదానిలో మర్యాద తప్పుటయేనా, వాస్తవము కూడ తప్పినదా యని విచారింప మొదలిడితిమి. 2020 నవంబరులో మన దేశమున పెద్ద ఎక్సుబాక్సు 49,990 రూపాయలకును, చిన్నది 34,990 రూపాయలకును వచ్చినవి. ప్లేస్టేషను 5 ఇచ్చటికి 2021 ఫిబ్రవరి 2వ తేదీన వచ్చెను. డిస్కు పట్టునది 49,990, పట్టనిది 39,990. తరువాత వెలలు పెరిగినవి. డిస్కు పట్టని ప్లేస్టేషనును కలదన్న మాట మావాడు చెప్పనే లేదు. అంతకంటె వింత యేమనగా, ఈ రెండు కంపెనీల పెట్టెలకును గుండెకాయ వంటి యంత్రభాగమును రూపొందించినది ఏఎమ్‌డీ యను నొక్క అమెరికా కంపెనీయే. ఒకే కుమ్మరి సారెమీద దిగిన రెండు కుండల కొఱకు ఈ పిల్లలు తలలు పగులగొట్టుకొనిరి.

మేమును అక్కగారును చిన్నతనమున ఈ యాటలాడినవారమే. 1990వ దశకము చివర మా యింటికొక పెట్టె వచ్చెను. నింటెండోవారు 1983లో జపానులో విడుదల చేసిన ఫామికామునకు అది నకలని అప్పుడు మాకేమి తెలియును? పసుపుపచ్చ క్యాసెట్టు, దానిమీద వేలకొలది ఆటలని అచ్చు, లోపల చూడబోయిన పదో పండ్రెండో ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెడివి. బొమ్మ రాకున్న క్యాసెట్టు తీసి నోటితో ఊది మరల పెట్టెడివారము. రిమోట్లు రెండు. మొదటిది అక్కగారిది, రెండవది మాది. మారియో ఆటలో మొదటివాడు చచ్చినగాని రెండవవానికి వంతు రాదు. అక్కగారు చచ్చెడివారు కారు. ఎన్నియో సాయంకాలములు మేము ఆ రెండవ రిమోటు పట్టుకొని ఊరక కూర్చుంటిమి. అయినను ఏ పెట్టె గొప్పయను తగవు మాత్రము మాకు లేదు. వీధి మొత్తమునకు అదొక్కటే గదా.

ఈ తగవు పుట్టినిల్లు అమెరికా. నింటెండో 1889లో క్యోటో నగరమున చేతిపేకల తయారీతో ఆరంభమైన కంపెనీ. 1985 తరువాత అమెరికా యిండ్లలో దాని పెట్టెదే రాజ్యము. 1989లో సెగా యను మఱియొక జపాను కంపెనీ జెనెసిస్ అను పెట్టెను అచటికి తెచ్చి, నింటెండోను పేరుపెట్టి ఎత్తిపొడుచు ప్రకటనలు వేసెను. 1991లో నింటెండోవారి క్రొత్త పెట్టె వచ్చు నాటికి సెగావారు తమదాని వెల తగ్గించి, సోనిక్ అను పరుగులమారి నీలి జంతువు ఆటను దానితో కలిపి యిచ్చిరి. రెండును కొనగల యింటి బిడ్డ ఏ పక్షమును పట్టడు. ఒక్కటే కొనగల యింటి బిడ్డకు ఆ యొక్కటి పొరపాటు కాలేదని పదిమంది యెదుట నిరూపించుకొనవలసిన అగత్యము కలుగును. కంపెనీలు అమ్ముకొన్నవి యంత్రములను, పిల్లలు కాపాడుకొన్నది తలిదండ్రుల సంచిని. మావానికి దెలియనిది ఇదియే.

తల్లులు తెలిసికొనదగిన దొకటి ఆ కాలముననే జరిగినది. 1993లో మోర్టల్ కాంబాట్ అను కొట్లాట ఆట రెండు పెట్టెలకును వచ్చెను. నింటెండోవారు రక్తమునకు మారు చెమట చూపించిరి. సెగావారు రక్తమును దాచియుంచి, మీటలను ఒక వరుసలో నొక్కిన కనబడునట్లు చేసిరి. ఏది ఎక్కువగా అమ్ముడుపోయెనో చెప్ప నక్కఱలేదు. రక్తముగలదే. ఆ డిసెంబరులో అమెరికా సెనేటులో విచారణ జరుగగా ఇరువురును అచటనే ఒకరినొకరు నిందించుకొనిరి. 1994లో ఆటలకు వయస్సు గుర్తులు వేయు పద్ధతి అచట ఏర్పడినది. పిల్లలు టెరాఫ్లాపులు లెక్కించుచుండగా మనము డబ్బామీది ఆ చిన్న గుర్తును చూచుట మేలు.

మన కథలు ఏ పెట్టెలో నున్నవని మాత్రము ఆ అరుగుమీద ఎవరును అడుగలేదు. 2009లో హనుమంతుని బాల్యము గూర్చిన ఆట యొకటి ప్లేస్టేషను 2 కొఱకు హైదరాబాదులోనే తయారైనది. దేవుని మీటతో ఆడించుట అపచారమని కొందరు ఆక్షేపించిరి. తాటాకు తోక కట్టుకొని వీధిలో గంతులు వేయు పిల్లలను చూచి పెరిగిన మాకు అందు అపచారమేమియు తోచలేదు.

ఇక సెగా నింటెండోల వైరమేమాయెనందురా? 2001లో సెగావారు పెట్టెలు చేయుట మానుకొనిరి. ఆ సంవత్సరముననే సోనిక్ నింటెండో పెట్టెలోనికి వచ్చెను. 2007లో మారియోయును సోనిక్కును ఒకే ఆటలో ఒలింపిక్ పందెములు పరుగెత్తిరి. ఎవరి కొఱకు పిల్లలు పదియేండ్లు పోట్లాడిరో వారు చేతులు కలిపిరి. నేటి సంగతియు నట్లే యున్నది. ఎక్సుబాక్సుకు పట్టపుటేనుగు వంటి హేలో ఆట ప్లేస్టేషనుకును వచ్చునని 2025లో ప్రకటించిరి.

మా యెఱుకలో గృహిణికి పనికివచ్చు గుణభేద మొక్కటే కలదు. 2013 జూనులో తమ క్రొత్త ఎక్సుబాక్సు దినమునకొక్కసారియైన ఇంటర్నెట్టు చూడనిదే ఆట సాగదనియు, డిస్కును ఎరువిచ్చుటకును మారు అమ్ముటకును నిబంధనలుండుననియు మైక్రోసాఫ్టువారు తెలిపిరి. సోనీవారు అరనిముషము కూడ లేని చిత్ర మొకటి తీసిరి. ఒకడు డిస్కు డబ్బాను పక్కవాని చేతికిచ్చును, వాడు పుచ్చుకొనును. ప్లేస్టేషనులో ఆటను ఎరువిచ్చు విధానము అంతియేనని దాని భావము. గగ్గోలు పుట్టి, ఆ నెల 19వ తేదీననే మైక్రోసాఫ్టువారు వెనుకకు తగ్గిరి. కాని నాడు జనము ఛీకొట్టినదే 2020లో వెల తగ్గింపు రూపమున రెండు కంపెనీల గడపలనుండియు వచ్చెను. డిస్కు పట్టని పెట్టెకు ఎరువు తెచ్చునది లేదు, ఇచ్చునది లేదు. ఇడ్లీరేకులు మొదలు కరివేపాకు వఱకు చేతులు మారు మన వీధులలో ఇది చిన్న లోటు కాదు.

అయినను అక్కగారి పక్షమును చెప్పకున్న మేమును వితండమే చేసినట్లగును. ప్లేస్టేషను 5కు క్రొత్త ఆటలు కొన్ని 4,999 రూపాయలకు వచ్చినవి. ఎక్సుబాక్సులో నెలచందా కట్టిన వందలకొలది ఆటలు దొరకును. చందా మానిన నాడు ఆటలును మానును, నిజమే. కాని జీతము రాని యింట ఒక్కమారు అయిదువేలు తీయుట కష్టము, నెలకు కొంచెము తీయుట సులభము. బావగారు చౌకది చూచి కొనలేదు, లెక్క చూచి కొనిరి.

అక్కగారు ఫోను ఎత్తకపోగా ఈ సంగతులన్నియు జాబు వ్రాసితిమి. చివర మా రెండవ రిమోటు సంగతియును వ్రాసి, తగవులకు నీవే గురువవని వేళాకోళమాడితిమి. మూడు వారములు గడచిన పిమ్మట ఒక రాత్రి అక్కగారే పిలిచిరి. జాబు మాటయే యెత్తక, "పిచ్చిదానా, మొదటి రిమోటుకు ఎగిరే మీట సరిగా పనిచేసేది కాదు. బాగున్నది నీకిచ్చాను" అనిరి. మాకు నోట మాట రాలేదు. పిమ్మట మావాడు పెదనాన్నగారితో మాటాడి తప్పు ఒప్పుకొనెను. ఆయన ఏమనిరో వాడు మాకు చెప్పలేదు.

చీటీ డబ్బు చేతికి రాగా, మేము ఊరు విడిచిపోవుచున్న యొక కుటుంబమువారి వద్ద పాత ప్లేస్టేషను 4 కొంటిమి. డిస్కు పట్టును, రిమోట్లు రెండు. వేఱు వేఱు కంపెనీల పెట్టెలవారు కలిసి ఆడుటకు సోనీవారు చాలకాలము అడ్డుపడి, 2018 సెప్టెంబరులో కొన్ని ఆటలకు దారి విడిచిరి. అందుచేత కార్లతో బంతిని తన్ను రాకెట్ లీగు అను ఆటను మావాడిచటనుండియు, వాని అన్న హైదరాబాదు నుండియు కలిసి ఆడవచ్చును. వెలయు లేదు.

మొదటి దినమున అటునుండి అడుగనే అడిగెను, మీదానికి ఎన్ని టెరాఫ్లాపులని. మావాడు మా మొగము చూచెను. చెప్పుమంటిమి.

"రెండుకు కొంచెం తక్కువ అన్నయ్యా."

అటునుండి చాలసేపు పలుకు లేదు. పిమ్మట నవ్వు వినబడెను. ఆ యాటలో మావాడే ఓడెను.