అశోకా రోడ్ సర్వర్ గది డైరీ

జూన్ 10, 2024, సోమవారం

పింఛను దరఖాస్తుల సర్వర్ పొద్దున్నుంచీ డేటాబేస్ దొరకడం లేదంటోంది. తెనాలి కుర్రాడు పరుగున వచ్చాడు.

"అక్కా, ఎన్‌ఎస్‌లుకప్ సరైన అడ్రసే చూపిస్తోంది. ప్రోగ్రామ్ మాత్రం పాత మెషీన్ దగ్గరికే పోతోంది."

"గెటెంట్ హోస్ట్స్ కొట్టి చూడు తమ్ముడూ."

పాత అడ్రసే వచ్చింది.

పేర్ల చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఎన్‌ఎస్‌లుకప్, డిగ్ నేరుగా నేమ్‌సర్వర్‌నే అడుగుతాయి. ప్రోగ్రాములు సాధారణంగా అలా అడగవు. సి లైబ్రరీని అడుగుతాయి. అది ఎన్‌ఎస్‌స్విచ్ ఫైలు తెరిచి, ‘హోస్ట్స్’ అన్న వరుసలో ఎవరిని ముందు అడగమని రాసి ఉందో చూస్తుంది. ‘ఫైల్స్’ తరవాత ‘డీఎన్ఎస్’ ఉంటే ముందు ఈటీసీలోని హోస్ట్స్ ఫైలు వెతుకుతుంది. పేరు అక్కడ దొరికిందా, ఇక డీఎన్ఎస్ దాకా పోదు. గెటెంట్‌ది కూడా అదే దారి. అందుకే ప్రోగ్రామ్‌కి ఏం కనిపిస్తోందో తెలియాలంటే ముందు దాన్నే అడగాలి.

హోస్ట్స్ ఫైల్లో డేటాబేస్ పాత అడ్రసు ఉంది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో పక్కన ఒక్క మాట లేదు. ఆ వరుస తీసేశాం. దరఖాస్తులు కదిలాయి. ఎండలో వచ్చి వరుసలో నిలబడ్డ ముసలివాళ్లకి "సర్వర్ డౌన్" అని చెప్పి పంపడం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది.

జూన్ 11

"అసలు ఆ హోస్ట్స్ ఫైలు ఇంకా ఎందుకక్కా?" అని అడిగాడు.

ఒకప్పుడు అది తప్ప ఇంకేదీ లేదు. అర్పానెట్ రోజుల్లో మెషీన్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త మెషీన్ పెట్టినవాళ్లు వాళ్లకు చెప్పుకోవాలి, మిగతావాళ్లు ఆ ఫైలు మళ్లీ తెచ్చుకోవాలి. మెషీన్లు పెరిగేకొద్దీ అది సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ని రాసి పెట్టాడు. ఎవరి పేర్లు వాళ్లే చూసుకోవాలి, తెలియనివాళ్లు తెలిసినవాళ్ల దగ్గరికి దారి చూపాలి. ఇప్పటికీ మనం నడిచేది 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 దారిలోనే.

నా మట్టుకు నాకు హోస్ట్స్ ఫైల్లో లోకల్‌హోస్ట్, మెషీన్ సొంత పేరు ఉంటే చాలు. నెట్‌వర్క్ లేవకముందే ఆ రెండూ తెలియాలి కనుక వాటికి అక్కడ చోటు ఉంది. అర్ధరాత్రి పని గడవడానికి రాసిన వరుస మాత్రం ఆ రాత్రికి సాయం చేసి, ఏళ్ల తరవాత ఇంకెవరినో తప్పుదారి పట్టిస్తుంది.

జూన్ 13

ఆంధ్రా భవన్ క్యాంటీన్లో భోజనం. పప్పు, పొడి, నెయ్యి. ఢిల్లీ జూన్‌లో కూడా అక్కడ జనాల వరుస తగ్గదు.

తిరిగి వచ్చేటప్పుడు కుర్రాణ్ణి గోల్ డాక్‌ఖానా దాకా నడిపించాను. ఉత్తరం మీద మనం మనిషి పేరు ముందు రాస్తాం, ఊరూ పిన్‌కోడూ చివర రాస్తాం. తపాలావాళ్లు చివరి నుంచి చదువుకుంటూ వస్తారు. 110001లో మొదటి 1 ఉత్తరాది మండలం, 11 ఢిల్లీ. సర్వర్ పేరు కూడా కుడి నుంచే చదవాలి. ముందు రూట్, తరవాత ఇన్, తరవాత గవ్, ఆ తరవాత శాఖ, చివరికి మెషీన్. ఏ మెట్టు దగ్గర జవాబు ఆగిందో చూడాలంటే డిగ్‌కి ‘ట్రేస్’ తగిలిస్తే చాలు. అయితే అది రూట్ నుంచి తానే అడుగుతూ పోతుంది, మన రిజాల్వర్ దాచుకున్న జవాబు అందులో కనపడదు.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు గవ్ డాట్ ఇన్ కింద సొంత పేరు వచ్చింది. కొత్త పేరు పుట్టించడం సులువే. పాత పేరు ఎన్ని స్క్రిప్టుల్లో, ఎన్ని కాన్ఫిగ్ ఫైళ్లలో కూర్చుని ఉందో వెతకడమే అసలు పని.

జూన్ 14

లాగిన్ నత్తనడక. రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో మొదటి నేమ్‌సర్వర్ ఎప్పుడో తీసేసిన మెషీన్. లైబ్రరీ దాన్నే ముందు అడిగి, 5 సెకన్లు చూసి, అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్తుంది. ‘సెర్చ్’ వరుసలో ఉన్న తోకలు తగిలించి అడిగిన ప్రతిసారీ మళ్లీ అదే ఎదురుచూపు. లైనక్స్‌లో మూడుకు మించి నేమ్‌సర్వర్లు రాసినా లెక్కలోకి రావు. చనిపోయినదాన్ని తీసేశాం.

జూన్ 19

రూట్ యూజర్‌గా అన్ని పేర్లూ పలుకుతున్నాయి. ప్రోగ్రామ్ యూజర్‌గా ఏ పేరూ పలకదు. కుర్రాడు ఫైర్‌వాల్‌ని అనుమానించాడు, పాపం. నేను ఎల్‌ఎస్ కొట్టమన్నాను. రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌కి 600 పర్మిషన్ ఉంది. ఎవరి స్క్రిప్టో దాన్ని కొత్తగా రాసి అలా వదిలేసింది. మన సి లైబ్రరీ గ్లిబ్‌సీ ఆ ఫైలు చదవలేకపోతే చదవలేకపోయానని చెప్పదు. నేమ్‌సర్వర్ తన మెషీన్లోనే ఉందనుకుని 127.0.0.1ని అడుగుతుంది. అక్కడ పలికేవాళ్లు ఎవరూ లేరు. 644 చేశాం. పరీక్ష ఎప్పుడూ ప్రోగ్రామ్ ఏ యూజర్‌గా నడుస్తుందో ఆ యూజర్‌గానే చెయ్యాలి.

జూన్ 21

కొత్త పేరు జోన్‌లో ఎక్కించారు, అయినా సర్వర్ ‘లేదు’ అనే అంటోంది. ఎక్కించకముందే ఎవరో అడిగి చూశారు. లేదన్న జవాబుని కూడా రిజాల్వర్ దాచుకుంటుంది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2308 దానికి గడువు పెట్టింది, ఆ గడువు ఎస్‌ఓఏ రికార్డు నుంచి వస్తుంది. కాష్ ఖాళీ చేసే అధికారం మాకు లేదు. టీ తాగి వచ్చేసరికి గడువు తీరింది.

జూన్ 28, శుక్రవారం

రాత్రి కుండపోత. సఫ్దర్‌జంగ్‌లో ఒక్క రోజులో 228.1 మిల్లీమీటర్లు. విమానాశ్రయం టెర్మినల్ 1లో పైకప్పు కూలి ఒకరు చనిపోయారన్న వార్త చూశాక చాలాసేపు పని మీద మనసు పోలేదు.

కుర్రాడు ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. వచ్చీ రాగానే ఫిర్యాదు. చిన్న పేర్లన్నీ పలుకుతున్నాయి, చాలా అడ్రసులున్న ఒక్క పేరు మాత్రం పలకదు. ఈసారి నన్ను అడగలేదు. గెటెంట్ కొట్టాడు, తరవాత డిగ్. జవాబు తెగింది, టీసీపీలో మళ్లీ అడుగుతున్నాను అని చెప్పి డిగ్ ఆగిపోయింది. యూడీపీలో పట్టని జవాబు టీసీపీలో రావాలి. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టు యూడీపీకి మాత్రమే తెరిచి ఉంది.

"అక్కా, టీసీపీ 53 కూడా తెరవమని రాసేశాను. డిగ్ చెప్పింది కూడా కింద అతికించాను."

చదివాను. తేదీ, కారణం, తన పేరు, మూడూ ఉన్నాయి. అలాగే నెట్‌వర్క్ విభాగానికి పంపేశాను.